సిస్టమ్‌లో అలా వస్తోందమ్మా!

"సిస్టమ్‌లో అలా వస్తోందమ్మా, మేమేం చెయ్యలేం."

ఈ మాట వినని తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే చేతులెత్తండి. బ్యాంకులోనో, రేషను షాపులోనో, ఇంకేదో ఆఫీసు కౌంటరు దగ్గరో ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. నేను సాఫ్ట్‌వేరు వాణ్ణి. ఆ "సిస్టమ్" ఆకాశం నుంచి ఊడిపడింది కాదనీ, నాలాంటి వాళ్ళు నలుగురు ఏసీ గదిలో కూర్చుని, శుక్రవారం సాయంత్రానికల్లా ముగించాలని హడావిడిగా రాసిందేననీ నాకు తెలుసు. అందుకే ఆ మాట వింటే అందరికంటే నాకు కాస్త ఎక్కువ మండుతుంది.

ఈ టపాకి కారణం మా మేనత్త. గాజువాక దగ్గర రెండు గదుల వాటాలో అద్దెకుంటుంది. మామయ్య పోయి చాలా ఏళ్ళైంది. ప్రభుత్వం నుంచి నెలనెలా కొంత డబ్బు వచ్చేది. (ఏ పథకమో, ఏ ఆఫీసో చెప్పను. ఒక ఆఫీసుని తిట్టడం నా ఉద్దేశం కాదు, ఏ ఆఫీసుకెళ్ళినా ఇదే కథ.) ఒక నెల డబ్బు రాలేదు. వెళ్ళి అడిగితే పైన రాసిన మాట చెప్పారు. రెండోసారి వెళ్తే "ఇనెలిజిబుల్ అని చూపిస్తోంది" అన్నారు. ఆవిడ ఇంటికొచ్చి నాకు ఫోను చేసి, "ఒరే నాన్నా, ఇనెలిజిబుల్ అంటే ఏట్రా? నానేటి తప్పు సేసేనంట?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలీలేదు. ఏం చేసిందో సిస్టమ్ చెప్పదు కదా!

విషయం తేలడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ ఇల్లు మొత్తానికీ ఒకటే కరెంటు మీటరు. మూడు వాటాలు. ఎప్పుడో ఎవరో ఆ మీటరు నంబరుకి మా అత్త ఆధార్ నంబరు తగిలించారు. దాంతో కింద వాటా వాళ్ళ ఏసీ, మేడ మీద కుర్రాళ్ళ గీజరు, ఇంటాయన నీళ్ళ మోటారు అన్నీ కలిసి ఈవిడ లెక్కలో పడ్డాయి. ఈవిడకి ఉన్నదల్లా రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ. కంప్యూటరు దృష్టిలో మాత్రం మా అత్త కోటీశ్వరురాలు :-)

చివరికి ఎలా సర్దుకుందంటే, కౌంటరులో ఉన్న ఒక అమ్మాయి జాలిపడి, తన డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి మీటరు చూసి, ఫొటో తీసుకుని, పై ఆఫీసుకి నాలుగైదు సార్లు ఫోన్లు చేసింది. ఆ అమ్మాయికి వెయ్యి దణ్ణాలు. కానీ ఆలోచిస్తే భయమేస్తుంది. మా అత్తకి న్యాయం జరిగింది ఏ రూలు వల్లా కాదు, ఒక మనిషి మంచితనం వల్ల. ఆ కౌంటరులో ఇంకెవరో ఉండుంటే?

ఉపోద్ఘాతం ఎక్కువైంది. అసలు విషయానికొస్తాను.

2025 అక్టోబరు 14న విశాఖలో గూగుల్ ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు, గిగావాట్ స్థాయి డేటా సెంటరు. ఊళ్ళో ఎవర్ని కదిపినా ఇదే మాట. ఆటో వాళ్ళు కూడా ఏఐ గురించి మాట్లాడుతున్నారు, తర్లువాడలో సెంటు ఎంతో చెబుతున్నారు. అంతకు ముందే, 2025 జనవరి 30న, రాష్ట్ర ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో 161 సేవలని వాట్సాప్‌లోకి తెచ్చింది. ఆ తరువాత ఆ సంఖ్య బాగా పెరిగింది. నేనూ వాడాను, బానే ఉంది. ఒక సర్టిఫికెట్టు కోసం అరపూట సెలవు పెట్టి క్యూలో నిలబడ్డ రోజులు గుర్తున్నవాడిని, దాన్ని వెటకారం చెయ్యను.

కానీ ఒక సేవని ఫోనులోకి తేవడం వేరు. ఆ సేవ ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఆపాలో యంత్రం చేత చెప్పించడం వేరు. మొదటిది కౌంటరు. రెండోది తీర్పు. తీర్పు చెప్పేవాడికి రూల్సు ఉండాలా వద్దా? ఇదే నా ప్రశ్న.

ఇదేదో భవిష్యత్తులో వచ్చే సమస్య అనుకుంటే పొరపాటు. మన పక్కనే తెలంగాణలో ఇప్పటికే జరిగింది. అక్కడ "సమగ్ర వేదిక" అని ఒక సాఫ్ట్‌వేరు ఉంది. రకరకాల శాఖల దగ్గరున్న రికార్డులు (వాహనాలు, ఆస్తులు, కరెంటు, పన్నులు వగైరా) తీసుకుని, ఇక్కడి ఫలానా, అక్కడి ఫలానా ఒకరేనా అని పోల్చి చూసి, ఒక్కో కుటుంబానికి ఒక బొమ్మ తయారుచేస్తుంది. ఆ బొమ్మలో కారుంటే రేషను కార్డు హుళక్కి. 2014 నుంచి 2019 మధ్య అక్కడ 18 లక్షలకి పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. హైదరాబాదులో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకి కారు ఉందని ఆ లెక్కల్లో తేలింది. ఆయన కుటుంబం కార్డు పోయింది. ఆయన కూడా పోయాక, ఆయన భార్య హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. కారున్న మనిషి వేరు, ఈయన వేరు. పేర్లు కలిశాయి, అంతే.

ఎస్.క్యూ.మసూద్ అనే సామాజిక కార్యకర్త వేసిన కేసులో 2022 ఏప్రిల్లో సుప్రీం కోర్టు, రద్దు చేసిన సుమారు 19 లక్షల కార్డులనీ ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమంది. అప్పుడు తిరిగి చూడమని వచ్చిన దరఖాస్తులు 4,91,899. 2022 జులై నాటికి చూసినవి 2,05,734. అందులో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అంటే నూటికి ఏడున్నర. ఇది దరఖాస్తు పెట్టుకున్న వాళ్ళలో మాత్రమే. ఊరొదిలి వెళ్ళిపోయిన వాళ్ళు, చనిపోయిన వాళ్ళు, "మనకెందుకులే" అని ఊరుకున్న వాళ్ళు ఈ లెక్కలో లేరు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ సాఫ్ట్‌వేరు ఏ లెక్క మీద నడుస్తుందో చెప్పమని విలేఖరులు సమాచార హక్కు కింద అడిగితే, ఆ హక్కులు తయారుచేసిన కంపెనీవి, ఇవ్వం అన్నారు. బియ్యం ఆపింది ప్రభుత్వం, ఎందుకు ఆపిందో మాత్రం కంపెనీ రహస్యం!

మన రాష్ట్రంలోనూ తక్కువేం లేదు. 2019 తరువాత గ్రామ, వార్డు సచివాలయాలతో పాటు "ఆరంచెల పరిశీలన" వచ్చింది. భూమి, కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం, పట్టణంలో ఇంటి విస్తీర్ణం, నెలకి 300 యూనిట్ల కరెంటు. ఇందులో ఏ ఒక్కటి దాటినా అనర్హులు. రూలుగా చూస్తే తప్పు పట్టడానికేం లేదు, నిజంగానే కారుండి ఏసీ ఉన్నవాళ్ళకి పెన్షనెందుకు? గొడవంతా ఆ ఆరింటికీ సమాచారం ఎక్కడి నుంచి వస్తోంది, అది తప్పైతే ఎవరు దిద్దుతారు అన్న దగ్గరే.

ఇక్కడ నా వృత్తి రహస్యం ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కస్టమరు కోసం నేనూ పేర్లు పోల్చే ప్రోగ్రాం రాశాను. రెండు జాబితాల్లోని పేర్లు తీసుకుని నూటికి ఇన్ని మార్కులని వేస్తుంది. 85 దాటితే ఇద్దరూ ఒకరే. ఎనభై అయిదే ఎందుకు, తొంభై ఎందుకు కాదు అని ఎవరూ అడగలేదు. నేనే పెట్టాను. 90 పెడితే కలిసేవి మరీ తక్కువగా వస్తున్నాయి, 80 పెడితే మరీ ఎక్కువ వస్తున్నాయి, మధ్యలో 85 చూడ్డానికి బావుంది. అంతే! అది దుకాణాల జాబితా కాబట్టి సరిపోయింది. తప్పైతే ఒక ప్రకటన రెండుసార్లు వెళ్తుంది, లేదా వెళ్ళదు. అదే ప్రోగ్రాం తీసుకెళ్ళి బియ్యం కార్డుల మీద పెడితే?

అదీ తెలుగు పేర్లతో. విశాఖ పూర్ణామార్కెట్లో నిలబడి "అప్పలరాజూ!" అని గట్టిగా పిలవండి, పది తలలు తిరుగుతాయి. సింహాచలం అప్పన్న పుణ్యమా అని అప్పలరాజులు, అప్పలనాయుళ్ళు, అప్పారావులు, అప్పలనరసమ్మలు మన జిల్లాల్లో వీధికి పదిమంది. పైగా ఈ పేర్లన్నీ ఇంగ్లీషులో ఎక్కిస్తారు. లక్ష్మిలోని "క్ష"కి ఒక గుమాస్తా కె, ఎస్, హెచ్ కొడతాడు, ఇంకో గుమాస్తా ఒక్క ఎక్సుతో సరిపెడతాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. ఒకే మనిషి ఐదు రకాలుగా కనిపిస్తాడు, ఐదుగురు వేర్వేరు మనుషులు ఒకేలా కనిపిస్తారు. దీనికి ఎంత గొప్ప ఏఐ పెట్టినా, లోపలికి వెళ్ళేది చెత్త అయితే బయటికొచ్చేది కూడా చెత్తే. కాకపోతే ఈసారి చెత్త గంభీరంగా, పక్కన మార్కులతో సహా వస్తుంది. గుమాస్తా దాన్ని కాదనడానికి భయపడతాడు.

"99 శాతం కరెక్టండీ" అంటారు మా వాళ్ళు, అది చాలా గొప్ప అన్నట్టు. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డులు కోటీ నలభై లక్షల పైమాటే. అర్హులైన వాళ్ళలో నూటికి ఒక్కరిని పొరపాటున తీసేసినా లక్షకి పైగా ఇళ్ళు. ఒక గుమాస్తా లంచగొండి అయితే ఒక వార్డు ఏడుస్తుంది. ఒక ప్రోగ్రాంలో తప్పుంటే రాష్ట్రం మొత్తం ఒకే రాత్రి, ఒకే రకంగా ఏడుస్తుంది. అదీ తేడా.

ఇప్పుడు మన ఊరి సంగతి ఒకటి గుర్తు చెయ్యాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ మీద ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో రెండు సంగతులు నాకు మరుపు రావు. ఒకటి, ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉంది. పైన ఎంత మరుగుతోందో ఎవరికీ తెలీదు. కింద చల్లగా ఉంది కాబట్టి కాగితం మీద అంతా చల్లగానే ఉంది. రెండోది, ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఆ రాత్రి సైరన్ మోగలేదు. పరికరాలున్నాయి. కొలవాల్సిన చోట కొలవలేదు, మోగాల్సినప్పుడు మోగలేదు.

ప్రభుత్వ కంప్యూటర్ల కథ కూడా అచ్చం ఇంతే. "బోగస్ కార్డులు ఇన్ని లక్షలు ఏరేశాం, ఇన్ని కోట్లు మిగిల్చాం" అని ప్రకటన వస్తుంది. అది అడుగున పెట్టిన థర్మామీటరు. పొరపాటున ఏరేసిన వాళ్ళెంతమంది అన్నది పైన ఉండే వేడి. అక్కడ థర్మామీటరే లేదు. కొలవని దాన్ని తగ్గించడం ఎవరి తరమూ కాదు. తెలంగాణలో కూడా సుప్రీం కోర్టు చెప్తే గానీ ఆ ఏడున్నర శాతం బయటికి రాలేదు.

ఇంతవరకూ చెప్పింది యంత్రం తప్పుగా తీర్పు చెప్పడం గురించి. ఇంకో వైపు ఉంది, యంత్రం తాళం ఊడిపోవడం. ఈ రెండూ వేర్వేరు విషయాలని మా రంగంలోనే చాలామంది అనుకుంటారు. నేననుకోను. పది శాఖల సమాచారం ఒకచోట పోగేస్తే తీర్పు చెప్పడానికి ఎంత సుఖమో, దొంగకి కూడా అంతే సుఖం.

2017 మేలో వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. విశాఖ, శ్రీకాకుళం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోవడమే తరువాయి. ఆ జూన్‌లోనే నాట్‌పెట్యా వచ్చి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక కంటైనరు టెర్మినల్ పని ఆపేసింది. పోర్టు ఊళ్ళో పుట్టినవాడికి ఆ వార్త మామూలుగా అనిపించదు. ఓడ ఆగితే వెనకాల లారీలు ఆగుతాయి, లారీ ఆగితే క్లీనరు నుంచి కళాసీ దాకా కూలీ ఆగుతుంది. 2019 వేసవిలో మన రెండు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్ పాలయ్యాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పోయి, అంత పెద్ద ఆసుపత్రిలో రోజుల తరబడి కాగితం మీద ఓపీ రాసుకున్నారు.

ఇవన్నీ దొంగలు పగలగొట్టి వచ్చినవి. తలుపు తెరిచి పెట్టినవీ ఉన్నాయి. 2018 ఏప్రిల్లో శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు, ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1,34,000 మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం అన్నీ ఎవరైనా చూసేలా ఉన్నాయని బయటపెట్టారు. ఏ మతం వాళ్ళు ఏ ఊళ్ళో ఎక్కడున్నారో వెతుక్కునేలా ఉంది! చెప్పాక తీసేశారు, సంతోషం. కానీ ఆ 1,34,000 మందికి "అమ్మా, మీ వివరాలు ఇన్నాళ్ళు వీధిలో పడున్నాయి" అని ఎవరైనా ఉత్తరం రాశారా? రాయాలని అప్పట్లో రూలే లేదు.

మరిప్పుడు రూల్సు ఏమున్నాయి? ఉన్నవి ఉన్నట్టు చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబరు దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. మంచి రూలు, కానీ చెప్పాల్సింది సెర్ట్-ఇన్‌కి, మా అత్తకి కాదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సమాచారం బయటపడితే ఎవరిదైతే పోయిందో వాళ్ళకి చెప్పాలని అందులో ఉంది. ఐతే ఇలాంటి ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు పెట్టారు. పైగా ఆ చట్టం 17వ సెక్షను ప్రకారం కేంద్రం కావాలనుకుంటే దేశ భద్రత, శాంతిభద్రతల పేరు మీద కొన్ని ప్రభుత్వ సంస్థలని మినహాయించొచ్చు.

ఏఐ విషయానికొస్తే, 2025 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడు సూత్రాలు, ప్రస్తుతానికి విడిగా చట్టం అక్కర్లేదన్నారు. ఆ ఏడింటిలో ఒకటి, అడ్డుకట్టల కంటే ఆవిష్కరణ ముఖ్యం అని. ఒక స్టార్టప్ కుర్రాడు ఫొటోకి మీసాలు పెట్టే యాప్ చేస్తుంటే ఆ సూత్రం సరిగ్గా సరిపోతుంది. కానీ వితంతువు డబ్బు ఆపే ప్రోగ్రాంకి కూడా అదే సూత్రమా? ఐరోపా వాళ్ళ ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. అందులో ప్రభుత్వ సాయానికి ఎవరు అర్హులో తేల్చే సాఫ్ట్‌వేరుని "అధిక ప్రమాదం" జాబితాలో పెట్టారు. వాళ్ళకి ఊరికే తెలివి రాలేదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సాయం డబ్బు విషయంలో వేల కుటుంబాలని దొంగలుగా ముద్రవేసినందుకు 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. మన దగ్గర లక్షల కార్డులు పోతే ఒక్క సెక్షన్ ఆఫీసరు కూడా రాజీనామా చేసినట్టు నేను వినలేదు.

సరే, విమర్శించడం తేలిక. నువ్వైతే ఏం రూల్సు పెడతావ్ అంటారు కదా. ఆలోచించాను. చట్టం చదువుకున్నవాణ్ణి కాదు, ఇంజినీరు బుర్రతో చెప్తున్నా.

ఒకటి. రూలు "ఏఐ" అన్న మాట మీద పెట్టొద్దు. సమగ్ర వేదికని ఏఐ అనాలా వద్దా అని మావాళ్ళు వారం రోజులు వాదించుకోగలరు. మా అత్త ఉదంతంలో అసలు ఏఐ ఏమీ లేదు, 300 దాటిందా లేదా అన్న ఒక్క లైను. బియ్యం ఆపేది రెండు లైన్ల ప్రోగ్రామైనా, రెండు వేల కోట్ల ఏఐ అయినా ఆకలి ఒకటే. మనిషికి రావాల్సింది ఆపగలిగే ప్రతి కంప్యూటరు లెక్కకీ రూలు వర్తించాలి.

రెండు. ఆపే ముందు కారణం రాసివ్వాలి, తెలుగులో. "ఇనెలిజిబుల్" అని కాదు. "మీ ఆధార్ ఫలానా మీటరుకి కలిసి ఉంది, అందులో నెలకి ఇన్ని యూనిట్లు కాలాయి, ఈ మీటరు మీది కాకపోతే ఫలానా తేదీలోగా ఫలానా చోట చెప్పండి" అని. ఈ ఒక్క చీటీ ఇచ్చి ఉంటే మా అత్త నాలుగు నెలల పని నలభై నిమిషాల్లో అయ్యేది. ఆ కారణం ప్రోగ్రాంకి తెలుసు, అచ్చేసి ఇవ్వడానికి ఇంకో పది లైన్లు చాలు. రాసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

మూడు. మనిషి వెళ్ళి చూసేదాకా ఆపొద్దు, సంతకం లేకుండా అసలే ఆపొద్దు. మా నాన్న స్టీల్‌ప్లాంటులో పనిచేశారు. అక్కడ కన్వేయరు బెల్టు మీద ఎవరైనా చెయ్యి పెట్టాలంటే ముందు షట్‌డౌన్ పర్మిట్ ఉండాలట. కరెంటు ఎవరు తీశారు, ఎవరు పనిచేస్తున్నారు, మళ్ళీ ఎవరు వెయ్యొచ్చు, అన్నీ కాగితం మీద పేర్లతో సంతకాలతో. "స్విచ్చికి పేరుంటుందిరా, దాని కింద ఒక మనిషుంటాడు" అనేవారు. ఇనప బెల్టుకే అంత మర్యాద ఉంటే, ఒక కుటుంబం తిండికి ఉండక్కర్లేదా? కార్డు ఆపిన ప్రతి సందర్భంలో ఒక అధికారి పేరుండాలి. "సిస్టమ్" అనేది పేరు కాదు.

నాలుగు. థర్మామీటరు పైన కూడా పెట్టాలి. తీసేసిన వాటిలోంచి ప్రతి నెలా కొన్నింటిని చీటీలు తీసినట్టు తీసి, ఇంటికెళ్ళి చూసి, ఎన్ని తప్పో ప్రకటించాలి. "ఇన్ని కోట్లు మిగిల్చాం" పక్కనే "ఇంతమందిని పొరపాటున తీసేశాం" అని కూడా. ఆ సంఖ్య ఒక హద్దు దాటితే ప్రోగ్రాం దానంతటదే ఆగాలి. సైరన్ అంటే అదీ.

ఐదు. కన్నం చూపించినవాణ్ణి దొంగ అనొద్దు. 2018 జనవరిలో ఆధార్ వివరాలు ఐదొందలకి అమ్ముతున్నారని రాసినందుకు ట్రిబ్యూన్ పత్రిక విలేఖరి మీదే కేసు పెట్టారు. ఐటీ చట్టం 66వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. దాంతో నాలాంటివాడు ఒక ప్రభుత్వ సైటులో తలుపు తెరిచుందని గమనించినా నోరు మూసుకుని పక్కకి తప్పుకుంటాడు. నేనూ ఒకసారి అలాగే తప్పుకున్నాను, గొప్పగా చెప్పుకోవట్లేదు. మంచి ఉద్దేశంతో, ఏమీ ముట్టుకోకుండా, ముందు ప్రభుత్వానికే చెప్పినవాడికి కేసు ఉండదని రాతపూర్వకంగా హామీ ఉండాలి. అలాగే సమాచారం పోతే పోయినవాళ్ళకి ఉత్తరం రావాలి.

ఆరు. కాగితం దారి ఒకటి ఎప్పుడూ తెరిచుంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు. ఆ రోజుల్లో బియ్యం, పాలు, నీళ్ళు మనిషి చేతి నుంచి మనిషి చేతికి వెళ్ళాయి. రేపు ఇంకో తుఫాను వచ్చినా, ఇంకో వైరస్ వచ్చినా, వేలిముద్ర అరిగిపోయినా, ఒక రిజిస్టరూ ఒక పెన్నూ పట్టుకుని పని నడపగలగాలి. ఏడాదికోసారి అలా నడిపి చూడాలి కూడా, ఫ్యాక్టరీల్లో మాక్ డ్రిల్ చేసినట్టు.

దీనికొచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మా ఆఫీసులో టీ దగ్గర ఇప్పటికే తిన్నాను. "బోగస్ కార్డులు లేవంటావా?" ఉన్నాయి, బోలెడు. మా వీధిలోనే మేడలున్నవాళ్ళకి కార్డులుండేవి. "మనుషులు చూస్తే లంచాలు, యంత్రం లంచం అడగదు కదా?" అడగదు, నిజమే. ఆ ఒక్క కారణానికే నేను కంప్యూటరు వద్దనను. కానీ యంత్రం లంచం అడగనట్టే మొర కూడా వినదు. పాత గుమాస్తాతో పోట్లాడొచ్చు, పైవాడికి చెప్పొచ్చు, పేపర్లో రాయొచ్చు. యంత్రంతో ఎవరు పోట్లాడతారు? అందుకే పోట్లాడే దారి మనమే కట్టి పెట్టాలి.

"ఇవన్నీ పెడితే ఖర్చు, ఆలస్యం" అంటారు ఇంకొందరు. ఔను, అవుతుంది. కన్వేయరు దగ్గర పర్మిట్ తీసుకోవడం కూడా ఆలస్యమే. ఆ అరగంట మిగుల్చుకుందామని చూసినవాళ్ళ చేతులు ఏమయ్యాయో ప్లాంటులో పనిచేసినవాళ్ళని అడగండి.

ఇంత పెద్ద డేటా సెంటరు మన ఊరికి వస్తోందంటే నాకూ గర్వంగానే ఉంది. రేపు నా ఉద్యోగం కూడా అందులోనే ఉండొచ్చు, ఎవరు చూడొచ్చారు :-) నేను కోరేదల్లా ఒక్కటే. ఎక్కడో అమెరికాలో అడిగిన ప్రశ్నకి ఇక్కడి యంత్రం క్షణంలో జవాబు చెప్తున్నప్పుడు, ఆ యంత్రానికి కూతవేటు దూరంలో ఉన్న మనిషి "నా డబ్బు ఎందుకు ఆపారు?" అని అడిగితే కూడా ఒక జవాబుండాలి.

మొన్న ఆదివారం మా అత్త దగ్గరికి వెళ్ళాను. డబ్బులు వస్తున్నాయి. ఆగిన నాలుగు నెలలవి మాత్రం ఇంకా రాలేదు. వాటి గురించి అడిగితే ఏమన్నారంటే... మొదటి వాక్యం మళ్ళీ చదువుకోండి.

మీ ఇంట్లోనూ ఇలాంటిది జరిగుంటే చెప్పండి. ముఖ్యంగా కౌంటరుకి అవతలి వైపు కూర్చునే వాళ్ళెవరైనా చదువుతుంటే తప్పకుండా చెప్పండి. మీ చేతుల్లో ఏముందో, ఏం లేదో మాకూ తెలియాలి.